పాట ఐవీది, పట్టం కేరెన్‌కి

నాటకం తెర లేవడానికి ఇంకా కొన్ని గంటలే ఉంది. హీరోయిన్‌గా తెచ్చుకున్న సినిమా తార మధ్యలోనే వెళ్లిపోయింది. మార్లిన్ మన్రో వేషం ఎవరికివ్వాలో దర్శకుడు డెరెక్ ఇప్పుడే తేల్చాలి. ఏళ్ల తరబడి కోరస్‌లో వెనక వరుసలో నిలబడి, ఈ నాటకంలోని పాటలన్నీ నోటికి వచ్చిన ఐవీ లిన్ ఒకవైపు. అయోవా రాష్ట్రం నుంచి న్యూయార్క్ వచ్చిన కొత్త పిల్ల కేరెన్ కార్ట్‌రైట్ మరోవైపు. డెరెక్ కేరెన్‌ను ఎంచుకున్నాడు. తన ఊహలో మార్లిన్‌గా కనిపించేది ఆమేనన్నది అతని సమాధానం. వేదిక మీద కేరెన్ పాడుతుంటే, లోపల ఐవీ అరచేతిలో మాత్రలు పోసుకుని కూర్చుంది.

2012 మేలో అమెరికన్ చానల్ ఎన్‌బీసీలో 'స్మాష్' సీరియల్ తొలి సీజన్ అలా ముగిసింది. ప్రేక్షకులు కేరెన్ విజయానికి మురిసిపోవాలని రచయితలు అనుకున్నారు. కానీ చాలామందికి ఐవీ తరఫున కోపం వచ్చింది.

'స్మాష్' అల్లాటప్పా సీరియల్ కాదు. నాటక రచయిత్రి థెరిసా రెబెక్ సృష్టి, స్టీవెన్ స్పీల్‌బర్గ్ నిర్మాతల్లో ఒకరు, మార్క్ షైమన్, స్కాట్ విట్‌మన్‌ల పాటలు. మార్లిన్ మన్రో జీవితం మీద 'బాంబ్‌షెల్' అనే సంగీత నాటకాన్ని బ్రాడ్‌వే వేదిక ఎక్కించడానికి కొందరు పడే పాట్లే కథ. 2012 ఫిబ్రవరిలో తొలి ఎపిసోడ్‌ను కోటి మందికి పైగా చూశారు. ఏడాది తర్వాత రెండో సీజన్ మొదలయ్యేసరికి ఆ సంఖ్య సగం కంటే కిందికి పడిపోయింది. 2013 మేలో, మొత్తం 32 ఎపిసోడ్లతో సీరియల్ కథ ముగిసింది. విచిత్రమేమిటంటే, పాటల మీద పెద్దగా ఫిర్యాదులు లేవు. నృత్య దర్శకత్వానికి ఎమ్మీ అవార్డు కూడా దక్కింది. జనానికి విసుగు తెప్పించింది పాత్రలు.

ఇందులో సంగీత కథలకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆస్పత్రి సీరియల్లో హీరోను గొప్ప సర్జన్ అంటే నమ్మేస్తాం. అతను కత్తి సరిగ్గా పట్టుకున్నాడో లేదో మనకేం తెలుసు? కోర్టు సీరియల్లో లాయరు ఎంత గొప్పవాడంటే అంత గొప్పవాడు. పాట దగ్గర ఆ ఆటలు సాగవు. ఫలానా అమ్మాయి అందరికంటే బాగా పాడుతుందని రచయిత రాసినంత మాత్రాన సరిపోదు. ఆ అమ్మాయి పాడాలి, మనం వినాలి. తీర్పు చెప్పేది చెవి.

కేరెన్‌గా నటించిన కేథరిన్ మెక్‌ఫీ 2006లో 'అమెరికన్ ఐడల్' పోటీలో రెండో స్థానంలో నిలిచిన గాయని. శ్రావ్యమైన గొంతు. ఐవీగా నటించిన మేగన్ హిల్టీ మాత్రం 'వికెడ్' వంటి నాటకాల్లో ప్రధాన పాత్రలు వేసి బ్రాడ్‌వేలో రాటుదేలిన నటి. మార్లిన్ వేషంలో ఆమె నోరు విప్పితే ఆ పాత్ర ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. అయినా కథలో అందరూ కేరెన్‌ను చూసి అబ్బురపడుతూనే ఉంటారు. ప్రేక్షకుడి చెవికి ఒకటి వినబడుతుంటే కథ మరొకటి చెబుతుంది. లోపం మెక్‌ఫీ గొంతులో లేదు, ఆమెకు రాసిన పాత్రలో ఉంది.

ఇదే చిక్కును హృషీకేశ్ ముఖర్జీ 1973లో 'అభిమాన్'లో ఎంత సులువుగా దాటారో మన ప్రేక్షకులకు గుర్తుండే ఉంటుంది. పేరున్న గాయకుడు సుబీర్ పల్లెటూరి ఉమను పెళ్లాడతాడు. రిసెప్షన్‌లో ఇద్దరూ కలిసి పాడతారు. సంగీతం తెలిసిన పెద్దాయన ఒకరు అది విని, భార్యే మెరుగని, ఈ కాపురానికి చిక్కులు తప్పవని పసిగడతాడు. ఉమకు పాడింది లతా మంగేష్కర్. చెవి విన్నదాన్నే కథ ఒప్పుకుంది, అక్కడి నుంచే గొడవ పుట్టించింది. 'స్మాష్' రచయితల చేతిలోనూ అలాంటి సరుకే ఉంది. ప్రతిభ ఒకరిది, అదృష్టం మరొకరిది. దాన్ని నిజాయితీగా రాసి ఉంటే గొప్ప కథ అయ్యేది. వాళ్లు అదృష్టానికే ప్రతిభ అని పేరు పెట్టారు.

మిగతా పాత్రలదీ అదే తీరు. పాటల రచయిత్రి జూలియా బిడ్డను దత్తత తీసుకోవాలని తపిస్తుంది. కొన్నాళ్లకు ఆ ఊసే ఉండదు. సహాయకుడు ఎలిస్ చాటుమాటుగా వినడం, చేరవేయడం తప్ప మరో పని లేని విలన్. చివరికి హీరోయిన్ తాగే పానీయంలో ఆమెకు పడని వేరుసెనగ కలిపేదాకా వెళతాడు. కేరెన్ ప్రియుడు దేవ్ సుందరం భారత సంతతివాడు. అతని పుణ్యమా అని ఓ ఎపిసోడ్‌లో బాలీవుడ్ ఫక్కీ నృత్యం వచ్చింది కానీ, అతనికంటూ ఒక వ్యక్తిత్వం రాలేదు. కథకు అవసరమైతే మంచివాడు, మరో వారం అవసరమైతే మోసగాడు.

అయినా జనం చూశారు. తిట్టుకుంటూ చూశారు. 2012లో 'న్యూయార్కర్' పత్రికలో విమర్శకురాలు ఎమిలీ నస్‌బామ్ ఈ సీరియల్ గురించి రాస్తూ వాడిన 'హేట్ వాచింగ్' అనే మాటకు ఆ తర్వాత బాగా ప్రచారం వచ్చింది. అసహ్యించుకుంటూనే వదలకుండా చూడటమని దాని అర్థం. కోడళ్ల కన్నీళ్లను విసుక్కుంటూనే రాత్రి సరిగ్గా ఆ వేళకు టీవీ ముందు చేరే మన ఇళ్లకు ఇదేమీ కొత్త కాదు. పూర్తిగా చెడ్డ సీరియల్ అయితే చానల్ మార్చేస్తారు. బాగుండాల్సింది బాగా లేకపోతేనే కోపం వస్తుంది.

చానల్ ఆ కోపాన్ని విన్నది. రెండో సీజన్‌కు రెబెక్ స్థానంలో జాషువా సఫ్రాన్ వచ్చాడు. ఎలిస్, దేవ్ వంటి పాత్రలకు ఉద్వాసన పలికారు. మార్లిన్ వేషం ఐవీకి దక్కింది, కథలో టోనీ అవార్డు కూడా ఆమెదే. కానీ కేరెన్ కోసం జిమ్మీ అనే కొత్త సంగీతకారుణ్ణి తెచ్చారు. అందరితో దురుసుగా ప్రవర్తించడమే మేధావి లక్షణమన్నట్టు రాసిన ఆ పాత్ర ప్రేక్షకులను మళ్లీ విసిగించింది. నచ్చని పాత్రలను తీసేయడం తేలికే. నచ్చే పాత్రను రాయడమే కష్టం.

ఇంతకీ తప్పెక్కడ జరిగింది? పల్లె నుంచి వచ్చిన అమాయకురాలు ఒక్క రాత్రిలో తార కావడం 1933 నాటి '42వ వీధి' సినిమా కాలం నుంచీ ఉన్న మూస. ఆ మూసలో కేరెన్ గెలిచి తీరాలి. ఎదురుగా ఉన్న నటి పాడే తీరు కథను మార్చమంటున్నా రచయితలు మూసనే నమ్ముకున్నారు. పదేళ్ల కష్టానికి 'అసూయ' అని పేరు పెట్టి, అప్పుడే వచ్చిన వారికి 'సహజ ప్రతిభ' కిరీటం పెట్టడం వినోదంగా చెల్లుతుందనుకున్నారు. ఆఫీసులో తాను నేర్పిన కొత్త కుర్రాడికే ప్రమోషన్ వెళ్లడం చూసినవారికి అది వినోదం కాదు. ఐవీ తరఫున వచ్చిన కోపంలో అలాంటి సొంత అనుభవాలు కొన్నయినా ఉండే ఉంటాయి.

సీరియల్ పోయినా పాటలు మిగిలాయి. 2015 జూన్‌లో 'బాంబ్‌షెల్' పాటలతో న్యూయార్క్‌లో ఒక్క రాత్రి విరాళాల కచేరీ జరిగింది. 2025 ఏప్రిల్‌లో 'స్మాష్' నిజంగానే బ్రాడ్‌వే వేదికెక్కింది. రెండున్నర నెలలైనా ఆడలేదు కానీ, అందులో మార్పు ఒకటుంది. ఈసారి తెర లేచేసరికే మార్లిన్ వేషం ఐవీది. ప్రేక్షకుల చెవి 2012లోనే చెప్పిన మాట కథలోకి ఎక్కడానికి 13 ఏళ్లు పట్టింది.