ఒకటో నెంబరు విమానం

ఏ సర్వీసునైనా ఎత్తెయ్యదలచినవాళ్ళు ముందుగా దాని రెండో ట్రిప్పును ఎత్తేస్తారు. ఇది నేను మా వూరి బస్సు దగ్గర నేర్చుకున్న పాఠం. లండన్ నుంచి న్యూయార్కు వెళ్ళే విమానానికీ యీ పాఠం వర్తిస్తుందని తర్వాత తెలిసింది.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి ఒకటో నెంబరు సర్వీసు అది. మొదట ఆ నెంబరు కాంకార్డుది. లండన్‌లో పదిన్నరకు బయల్దేరినవాడు, గడియారాల తేడా పుణ్యమా అని, న్యూయార్కులో అదే ఉదయం తొమ్మిదిన్నరకల్లా దిగేవాడు! 2003లో కాంకార్డు విరమించింది.

2009లో ఆ నెంబరు ఒక బుల్లి ఎయిర్‌బస్‌కు దక్కింది. నూరుమందికి పైగా పట్టే విమానంలో 32 సీట్లే వేశారు. బ్యాంకుల పేటకు దగ్గరున్న సిటీ విమానాశ్రయం నుంచి బయల్దేరేది. అక్కడి రన్‌వే సుమారు 1,500 మీటర్లే; అట్లాంటిక్ దాటడానికి సరిపడా చమురు పోసుకుంటే లేవలేదు. అందుకని ఐర్లండులోని షానన్‌లో దిగి పోయించుకునేది. ఆలస్యం గదా అంటారేమో. ఆ వ్యవధిలోనే ప్రయాణికులకు అమెరికా అధికారుల తనిఖీలు పూర్తయ్యేవి. న్యూయార్కులో దిగాక బారులో నిలబడే పనిలేదు. పెట్టె పుచ్చుకుని నడిచిపోవడమే. లోపాన్ని సుగుణంగా మార్చుకోవడమంటే అదీ!

రోజుకు రెండు సర్వీసులుండేవి. 2016లో ఒకటి తగ్గించారు. నా మటుకు నాకు, జబ్బు అప్పుడే ముదిరిందనిపిస్తుంది. ఒకటి తప్పినా ఇంకోటుందనే ధీమాతోనే గదా ఎవరైనా టిక్కెట్టు కొనేది! 2017లో, ఉన్న రెండు విమానాల్లో ఒకదాన్ని అమ్మేశారు. 2020లో కరోనా వచ్చి మిగిలినదాన్ని నేలమీద కూర్చోబెట్టింది. ఆ యేడే, యిక నడపబోమని చెప్పేశారు.

ధనవంతుల విమానం పోతే మనకేమిటంటారా? నిజమే, అందులో ఎక్కే ప్రాప్తం నాకెన్నడూ లేదు. వాళ్ళకు వేరే విమానాలు బోలెడున్నాయి. మా వూరికి మాత్రం ఆ బస్సొక్కటే. సాయంత్రం ట్రిప్పు తీసేశాక, పొద్దున ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడమెలాగని వెళ్ళడమే మానుకున్నారు. ఏడాది తిరక్కుండా పొద్దుటిదీ ఆగిపోయింది.

"ఎక్కేవాళ్ళు లేరు గనక తీసేశాం" అన్నారు పెద్దలు.

"తీసేశారు గనకే ఎక్కేవాళ్ళు లేకపోయారు" అంది మా అమ్మ. ఆవిడ మాటే నిజమని నేనిప్పటికీ నమ్ముతాను.