గూటి తలుపుకి మోటారు!

చీకటి పడుతుండగా కోళ్లను గంప కింద కమ్మేయడం మన పల్లెల్లో రోజూ ఉండే పనే. బ్రిటన్‌లో పెరట్లో నాలుగైదు కోళ్లు పెంచుకునేవాళ్లదీ అదే హడావుడి. గూటి తలుపు వేయడం ఒక్కరోజు మర్చిపోయారా... నక్క వచ్చి ఒక్కదానితో సరిపెట్టుకోదు, దొరికినవాటన్నిటినీ చంపేస్తుంది. అందుకే కొందరు తలుపుకి సొంతంగా మోటారు బిగించుకుంటున్నారు. పైకీ కిందికీ జారే రేకు, 12 వోల్టుల బ్యాటరీ, నెమ్మదిగా తిరిగే మోటారు, రేకు చివరికి రాగానే కరెంటు ఆపేసే రెండు స్విచ్చులు ఉంటే చాలు. రేకు తేలికగా ఉండాలి సుమా, మధ్యలో కోడి ఇరుక్కున్నా నలిగిపోకుండా!

పొద్దుగూకితే కోళ్లు వాటంతటవే గూటికి చేరతాయి. చిక్కల్లా ఆ వేళతోనే. లండన్‌లో డిసెంబరులో సాయంత్రం 4 గంటలకే సూర్యుడు అస్తమిస్తాడు, జూన్‌లో రాత్రి 9 దాటాలి. టైమరు పెడితే తరచూ వేళ మారుస్తూ ఉండాలి. అందుకని వెలుతురును పసిగట్టే సెన్సర్ వాడతారు. దానికేమో నల్లమబ్బు కమ్మినా రాత్రిలాగే ఉంటుంది! వెలుతురు తగ్గాక ఇంకాసేపు ఆగి మూసేలా అమర్చుకుంటే ఆ తిప్పలు తగ్గుతాయి, వెనకబడ్డ కోళ్లూ లోపలికి వచ్చేస్తాయి. అప్పటికీ రాని కోడి సంగతి మోటారుకేం తెలుసు? పడుకోబోయేముందు టార్చి వేసి గూట్లో కోళ్లను లెక్కపెట్టే పని ఇంట్లోవాళ్లకి ఎలాగూ తప్పదు.