మిక్సీ మిగిల్చిన గంట ఎవరిది?



కుటుంబ జీవితమును గురించిన ఈ శీర్షికలో ఈ నెల మిమ్మును వంటగదిలోనికి తీసుకొని వెళ్ళాలని ఆశపడుతున్నాను. "అయ్యగారికి వంటగదిలో ఏమి పని?" అని నవ్వుకోవద్దు. ఇంటిలో సమాధానము నిలిచేదీ, చెడేదీ చాలాసార్లు ఆ పొయ్యి దగ్గరే. నేను చెప్పబోవు సంగతిలో మొదట తప్పిపోయినవాడను నేనే గనుక దీనిని నా ఒప్పుకోలుగా కూడ మీరు చదవవచ్చును.

కొన్ని నెలల క్రిందట గృహ సందర్శనము నిమిత్తము ఒక పల్లెలో విశ్వాసుల ఇంటికి వెళ్ళాను. పెరట్లో కోడలు రుబ్బురోలు దగ్గర కూర్చొని గారెలకు మినప్పప్పు రుబ్బుతున్నది. పక్కనే గోనెపట్టా మీద చంటిబిడ్డ ఏడుస్తున్నాడు. ఆమె ఒక చేత్తో పొత్రము తిప్పుతూ, రెండవ చేత్తో పిండిని లోనికి త్రోస్తూ, మధ్యమధ్య నడుము పట్టుకొని ఆగుతున్నది. కాన్పు అయి ఇంకా ఆరు నెలలు నిండలేదు. ఉదయమే మిరప కోతకు వెళ్ళి వచ్చి, అయ్యగారు వస్తున్నారని మళ్ళీ ఆ రోటి దగ్గర కూర్చున్నదట.

ఇంటిలో బల్ల మీద పాత చీర కప్పిన పెద్ద పెట్టె ఒకటి కనిపించింది. ఏమిటని అడిగాను.

"అదా, ఫుడ్ ప్రాసెసర్ అంట అయ్యగారూ. మా చిన్నోడు క్రిస్మసుకు హైదరాబాదు నుంచి తెచ్చాడు. పెద్ద గిన్నె పెట్టి స్విచ్చి వేస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. పాడైన సామాను అంటగట్టారు వాడికి" అన్నది అత్తగారు. అంతటితో ఆగలేదు. "అయినా రోటి రుచి దానికి వస్తుందా? పోయినసారి మీరే అన్నారు గదా, ఈ ఇంట్లో గోంగూర పచ్చడి తిన్నాక మిక్సీ పచ్చడి నోటికి సయించదని. అప్పటి నుంచి ఆ పెట్టె మళ్ళీ విప్పలేదు."

ప్రియులారా, ఆ మాటకు నా తల వంగిపోయింది. భోజనము పెట్టిన చేతిని మెచ్చుకున్నాననుకున్నాను గాని, ఆ మెప్పు ఒక బాలింతరాలి మెడ మీద కాడి అయినదని నేనెరుగను. సేవకుని నోటిమాట ఇంటిలో చట్టమైపోతుంది. మనము తేలికగా అన్నమాటను వేరొకరు బరువుగా మోస్తారు.

పెట్టె దించి చూచాను. నేను యంత్రముల పని తెలిసినవాడను కాను గాని, మా ఇంటిలోనూ అట్టిదే ఒకటి ఉండుట వలన దాని గుట్టు తెలుసు. పెద్ద గిన్నె మూతకు నాలుక వంటి ముక్క ఒకటి ఉంటుంది. మూత తిప్పినప్పుడు అది తన గాడిలో టక్కున కూర్చుంటేనే మోటారు కదులుతుంది. తిరిగే బ్లేడు దగ్గర ఎవరూ చేయి పెట్టకుండ చేసిన ఏర్పాటు అది. వారు మూతను ఊరక పైన పెట్టి స్విచ్చి వేశారు. సరిగా బిగించగానే తిరిగింది. తరువాత చిన్న జారు పెట్టి మిగిలిన పప్పును కొంచెము కొంచెముగా వేసి తిప్పితే పది నిమిషాలలో పిండి అయిపోయింది.

కోడలి ముఖము వెలిగింది. అత్తగారి ముఖము మాత్రము వెలగలేదు. ఆమె చాలాసేపు మౌనముగా ఉండి, "ముప్పై ఏళ్ళు ఆ రోటి ముందు కూర్చున్నానయ్యా. నడుము నొప్పా అని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. దీనికి మాత్రం మీట తిప్పితే అయిపోవాలా?" అన్నది.

నేను ఆమెను గద్దించలేకపోయాను. అది కోడలి మీద కోపము కాదు, తనకు ఎవరూ ఇయ్యని విశ్రాంతి కొరకైన దుఃఖము. మన ఇళ్ళలో "ఈ కాలపు ఆడపిల్లలు సోమరులు" అను మాట వెనుక ఎన్నోసార్లు ఉన్నది ఇదే.

ఆ రాత్రి నేను పరిశుద్ధ గ్రంథములో తిరుగలిని వెదకుచు పోయాను. నిర్గమకాండము 11:5లో సింహాసనము మీద కూర్చున్న ఫరో ఒక కొనను ఉంటే, తిరుగలి విసరు దాసి మరియొక కొనను ఉన్నది. దేశములో ఆమె కంటె క్రింది స్థితి లేదన్నమాట. న్యాయాధిపతులు 16:21లో ఫిలిష్తీయులు సమ్సోనును అవమానపరచుటకు బందీగృహములో అతనికిచ్చిన పని విసరుటయే. పురుషునికి శిక్షగా ఇచ్చిన ఆ పనిని స్త్రీకి దినచర్యగా ఇచ్చి, అదే ఆమె ధర్మమని మనము చెప్పుచున్నాము. ద్వితీయోపదేశకాండము 24:6లో తిరుగలిని గాని దాని పైరాతిని గాని తాకట్టు పట్టకూడదని దేవుడు ఆజ్ఞాపించాడు. అది ఆ ఇంటివారి బ్రతుకుతెరువు గనుక. లోకమునకు కనిపించని ఆ వంటింటి రాయి దేవుని కంటికి కనిపించినది.

తరువాత రూతు గ్రంథము 3:1 దగ్గర ఆగిపోయాను. అక్కడ నయోమి తన కోడలి కొరకు విశ్రాంతిని వెదకవలసిన బాధ్యత తనదని చెప్పుచున్నది. నయోమి సుఖపడినది కాదు. భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొన్నది. "నాకు లేనిది నీకెందుకు?" అని అడుగుటకు హక్కున్న అత్త ఎవరైనా ఉంటే ఆమెయే. అయినను ఆమె అలా అడుగలేదు.

ఈ యంత్రముల చరిత్ర కూడ కొంత తెలిసికొనుట మంచిది. ఫుడ్ ప్రాసెసర్ 1960ల దశకములో ఫ్రాన్సు దేశపు హోటళ్ళ వంటశాలల కొరకు పుట్టి, 1970ల దశకములో ఇళ్ళకు వచ్చినది. మన దేశములో అదే 1960లలో బొంబాయికి చెందిన సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు, తన భార్య వాడుచున్న విదేశీ మిక్సీ చెడిపోయినప్పుడు, మన పప్పులకూ మసాలాలకూ తట్టుకొనే బలమైన మోటారుతో సుమీత్ మిక్సీని తయారుచేశాడు. భార్య ఇబ్బందిని ఒక భర్త తన ఇబ్బందిగా తీసికొన్నందున ఎన్నో లక్షల ఇళ్ళకు మేలు కలిగినది. పొరుగున ఉన్న తమిళనాడులో 2011లో ప్రభుత్వమే పేద కుటుంబములకు మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఉచితముగా పంచుట మొదలుపెట్టినది. వంటింటి శ్రమ కూడ శ్రమయేనని ఒప్పుకొనుటకు ఇంతకాలము పట్టినది.

ఇక రుచి సంగతి. రోటి పచ్చడికి వేరే రుచి ఉన్నమాట నిజమే. రాయి నలుపుతుంది, బ్లేడు కోస్తుంది. అంతే కాదు, బ్లేడు నిమిషానికి వేల సార్లు తిరుగుట వలన పదార్థము వేడెక్కుతుంది. దానికి ఉపాయమున్నది. పచ్చడి చేయునప్పుడు మీటను ఒకే పట్టున తిప్పి ఉంచక, ఎడమవైపుకు తిప్పి వదులుతూ ఆగి ఆగి తిప్పితే బరకగా, రోటి పచ్చడికి దగ్గరగా వస్తుంది. వేయించిన మిరపకాయలు, టమాటాలు బాగా చల్లారిన తరువాతనే వేయాలి. వేడివి వేసి మూత బిగిస్తే ఆవిరికి మూత ఎగిరి ముఖము కాలుతుంది. మినప్పప్పు నాలుగు గంటలు నానవేసి, చల్లని నీళ్ళు చిలకరిస్తూ తిప్పితే పిండి వేడెక్కదు. జారును ఎన్నడూ అంచుదాక నింపవద్దు.

చాలా మిక్సీల మీద 5 నిమిషాలు నడిపి 2 నిమిషాలు ఆపుమని వ్రాసి ఉంటుంది. ఆ మాట వినాలి. భారము ఎక్కువై అది ఆగిపోతే కాలిపోయిందని కంగారుపడవద్దు. ముందు ప్లగ్గు తీసి, జారులో కొంత తగ్గించి, మోటారును చల్లారనిచ్చి, అడుగున ఉండే చిన్న ఎర్ర మీటను నొక్కితే చాలాసార్లు మళ్ళీ తిరుగుతుంది. వోల్టేజీ బాగా తక్కువగా ఉన్నప్పుడు నడపకండి. తడి చేతులతో ప్లగ్గు ముట్టవద్దు. మూడు కాళ్ళ ప్లగ్గు ఇచ్చినవారు ఊరక ఇవ్వలేదు. ఇంటికి ఎర్తు సరిగా వేయించండి, ప్లగ్గు లేకుండ వైరు కొనలను పుల్లలతో గుచ్చవద్దు. గరిటె పెట్టే ముందు, బ్లేడు కడిగే ముందు ప్లగ్గు తీయండి. స్విచ్చి ఆపితే చాలునని అనుకోవద్దు. ప్రక్కన పిల్లలుంటారు.

కరెంటు బిల్లుకు భయపడువారికి ఒక లెక్క. 750 వాట్ల మిక్సీని రోజుకు 15 నిమిషాలు నడిపితే నెలకు 6 యూనిట్లు కూడ కాదు. మనము టీ కొట్టు దగ్గర ఖర్చుపెట్టు దానితో పోల్చి చూచుకొనండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చుచున్నాను. యంత్రము వచ్చి ఒక గంట మిగిల్చినది. ఆ గంట ఎవరిది? మా ఇంటిలో జరిగినది చెబుతాను. మిక్సీ రాకముందు వారములో ఒకటి రెండు సార్లు చేసే దోసెలు, వచ్చిన తరువాత దాదాపు ప్రతిదినము కావాలన్నాము. "మిక్సీ ఉందిగా" అను మాట మా ఇంటిలో ఎక్కువగా పలికినవాడను నేనే. నా భార్యకు మిగిలిన గంటను మా నాలుకలే తినివేశాయి. పైగా ఆ జారు అడుగున బ్లేడు క్రింద ఇరుక్కున్న పచ్చడిని ఎవరు కడుగుతున్నారో ఒక్కనాడూ చూడలేదు. ఆ పల్లె నుండి తిరిగి వచ్చిన దినమున మొదటిసారిగా నేను కడిగాను. కొంచెము నీళ్ళు, కొంచెము సబ్బు వేసి, మూత బిగించి ఒక్కసారి తిప్పితే సగము పని అయిపోతుందని నా భార్య నేర్పినది. నలుబది ఏండ్లు దాటిన తరువాత నేర్చుకొన్నందుకు సిగ్గుపడ్డాను.

కాబట్టి భర్తలారా, మిక్సీ కొనిచ్చుటతో మీ ప్రేమ ముగిసినదని తలంచవద్దు. దానిని త్రిప్పుటకు, కడుగుటకు మీకును చేతులున్నవి. అత్తలారా, మీరు పడిన కష్టము వ్యర్థము కాదు, దేవుడు దానిని చూచాడు. అయితే ఆ కష్టమును కోడలికి ఆస్తిగా వ్రాయవద్దు. కోడళ్ళారా, మిగిలిన గంటలో కొంత మీ అత్తగారి ప్రక్కన కూర్చొని, ఆమె నడుము నొప్పిని గురించి అడుగుడి. ముప్పై ఏండ్లుగా ఎవరూ అడుగలేదు.

మార్త యింటిలో ప్రభువు భోజనమును త్రోసివేయలేదు. పనుల తొందరలో చిక్కుకొన్న ఆమె మనస్సును గురించి జాలిపడ్డాడు. మన యింటికి ఆయన వచ్చిన యెడల ఎన్ని రకముల పచ్చళ్ళు ఉన్నవని చూచునా, రోటి ప్రక్కన ఏడ్చు బిడ్డను ఎవరు ఎత్తుకొన్నారని చూచునా?

మొన్న మరల ఆ ఇంటికి వెళ్ళాను. అంతా మారిపోయినదని చెప్పను. గోంగూర మాత్రము రోటిలోనే నూరాలని అత్తగారి పట్టు. అయితే ఈసారి పొత్రము పట్టుకొన్నది ఆమెయే. పప్పు మిక్సీలో తిరుగుచున్నది. కుమారుడు మూడు కాళ్ళ ప్లగ్గుకు చోటు చేయించి ఎర్తు వేయించాడు. కోడలు గడప మీద కూర్చొని బిడ్డకు పాలిచ్చుచున్నది. ఆ దినమున నేను పచ్చడిని గురించి ఒక్కమాటయు అనలేదు. "అమ్మా, నడుము ఎలాగున్నది?" అని ఆ పెద్దమ్మను అడిగాను. ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొని, "ఉన్నదయ్యా, ముందు భోంచేయండి" అన్నది.

మీ వంటగదులలో ప్రభువు సమాధానము నిలుచును గాక. ఆమేన్.