ఆడేవారు, ఆడించేవారు

గత విద్యాసంవత్సరంలో మా కళాశాల వసతిగృహంలో ఒక చిన్న సంఘటన జరిగింది. ఒక ఆదివారం రాత్రి రెండవ అంతస్తు గదిలో ఆరుగురు విద్యార్థులు బల్ల చుట్టూ కూర్చుని ఉండగా, కాగితాలు, పెన్సిళ్ల నడుమ రంగురంగుల పాచికలు వార్డెన్ గారి కంటబడినవి. పాచికలు కనబడితే జూదమని తలచడం సహజం. పాచికల మాట ఎత్తగానే తెలుగువారికి ఏ సభ గుర్తుకు వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. మన ఇండ్లలోని పెద్దలకు కూడా వాటిపై ఏనాడూ సదభిప్రాయం లేదు. పాచికలు వార్డెన్ గారి బీరువాకు చేరినవి, విషయం కమిటీకి చేరింది. విచారించి చెప్పవలసినదిగా మమ్ములను కోరారు. విచారణకని వెళ్లిన మేము ఆ గదిలో నాలుగు నెలల ఆదివారాలు గడిపాము. పాచికలు లేకపోతేనేమి, ఒకటి నుండి ఇరవై వరకు అంకెలు వేసిన చీటీలను టీపొడి డబ్బాలో వేసి విద్యార్థులు తమ ఆటను సాగిస్తూనే ఉన్నారు.

అది జూదం కాదు. పందెం లేదు, డబ్బు చేతులు మారదు, చివరకు గెలుపు ఓటములు కూడా లేవు. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించగా 1974లో అమెరికాలో వెలువడింది. ఆటగాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను స్వీకరిస్తారు. ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. వారిలో ఒకడు మాత్రం తనకంటూ పాత్రను తీసుకోడు. అతడు ప్రపంచాన్ని వర్ణిస్తాడు. "మీ ఎదుట నది ఉన్నది, చీకటి పడుతున్నది, ఏమి చేస్తారు?" అని అడుగుతాడు. వారు చెప్పిన పని నెరవేరుతుందో లేదో సందిగ్ధమైనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. కథలో ఎదురయ్యే రాజు, భటుడు, కొట్టువాడు, తోడేలు, అందరి తరఫునా మాట్లాడేది ఆ ఒక్కడే. ఆంగ్లంలో అతనిని 'డంజన్ మాస్టర్' అంటారు. మేము నిర్వాహకుడు అందాము.

మాకు ఆట కంటె ఈ నిర్వాహకుడే ఎక్కువ ఆశ్చర్యం కలిగించాడు. భౌతికశాస్త్రం రెండవ సంవత్సరం విద్యార్థి. తరగతిలో అతని గొంతు విన్న జ్ఞాపకం మాకు లేదు. మిగిలిన అయిదుగురు వారానికి మూడు గంటలు ఆడి లేచిపోతారు. అతడు వారమంతా దేశపటాలు గీస్తాడు, పట్టణాలకు పేర్లు పెడతాడు, ఎవరూ చూడబోని సత్రంలో ఏమి వండుతారో కూడా వ్రాసుకుంటాడు. "మరి నీవెప్పుడు ఆడతావు?" అని అడిగాము. "నాకు ఇదే ఆట సార్" అన్నాడు.

ఆడే అవకాశం ఉండగా ఆడించడాన్నే కోరుకునే వారెందుకు ఉంటారు? కమిటీలోని ఒక పెద్దమనిషి వెంటనే సమాధానం చెప్పారు: "పెత్తనం, ఇంకేమున్నది?" మొదట మేమూ అట్లే తలచాము. వర్షం కురవమంటే కురుస్తుంది, రాజు చావమంటే చస్తాడు. తోలుబొమ్మలవానికి కూడా ఇంత అధికారం ఉండదు. మా అభిప్రాయం మారడానికి కారణం మేము స్వయంగా ఒక రాత్రి ఆ కుర్చీలో కూర్చోవడమే.

రెండు వారాలు శ్రమించి ఒక పాడుబడిన కోటను సిద్ధం చేశాము. గోల్కొండను తలచుకుని ద్వారాలు పెట్టాము, సొరంగం పెట్టాము, ఒక నవాబు రహస్యం పెట్టాము. కోటకు చేరాలంటే ఏరు దాటాలి, కనుక ఒక పడవవానిని కూడా పెట్టాము. విద్యార్థులు పడవ ఎక్కారు. వారిలో ఒకడు పడవవానిని "తాతా, నీ పేరేమిటి?" అని అడిగాడు. మా వద్ద పేరు లేదు. తడుముకుని ఏదో చెప్పాము. "ఈ వయసులో ఒక్కడివే ఎందుకు పడవ నడుపుతున్నావు?" అని మరొకడు. కొడుకు అలిగి వెళ్లిపోయాడన్నాము. ఆ మాట మా నోట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అంతే, ఆ అయిదుగురూ కోటను వదలి, పడవవాని కొడుకును వెదకడానికి బయలుదేరారు! రెండు వారాల మా శ్రమ ఏటి ఆవలి ఒడ్డుననే ఉండిపోయింది. రాత్రి పదకొండు గంటలకు, మేము ఊహించని ఊరిలో, మేము ఊహించని కొడుకు ఇంటి తలుపు తట్టారు. చెప్పడానికి సంకోచమెందుకు, మాకు కండ్లు చెమర్చినవి.

పెత్తనం కోరేవాడు ఆ కుర్చీలో రెండు వారాలు నిలువలేడని ఆ రాత్రి తెలిసింది. తోలుబొమ్మలు ఎదురు చెప్పవు, ఈ బొమ్మలు చెపుతాయి. అవధానంతో పోల్చితే తెలుగు విద్యార్థులకు సులభంగా బోధపడవచ్చు. నాలుగు దిక్కుల నుండి పృచ్ఛకుల ప్రశ్నలు. అన్నీ గుర్తుంచుకోవాలి, అన్నిటికీ అక్కడికక్కడే పూరణ చేయాలి. తేడా ఏమంటే ఇక్కడ అయిదుగురు పృచ్ఛకులూ అప్రస్తుత ప్రసంగులే. పృచ్ఛకుని స్థానం సుఖమైనదే, అయినను అవధాని కావాలని కలగనేవారు ఎందుకుంటున్నారో, ఈ నిర్వాహకులూ అందుకే ఉన్నారు. ఆటగానికి తన పాత్ర సాహసం ఒక్కటే దక్కుతుంది. నిర్వాహకునికి అయిదుగురి సాహసమూ దక్కుతుంది, అదీ తాను ముందుగా ఎరుగని రూపంలో.

ఈ కుర్చీకి చరిత్ర కూడా కలదు. 1824లో ప్రష్యా సైన్యానికి చెందిన రైస్విట్జ్ అనే అధికారి పటం మీద ఆడే యుద్ధక్రీడకు నియమావళిని ప్రచురించాడు. ఇరుపక్షాల సేనానులూ తమ ఆజ్ఞలను మధ్యస్థునికి ఇస్తారు. శత్రువు ఎక్కడ ఉన్నదీ అతడు చెప్పినంతవరకే వారికి తెలుస్తుంది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే మరొక అధికారి నియమాల బరువు తగ్గించి, తీర్పును మధ్యస్థుని వివేకానికే వదలాలన్నాడు. 1969లో అమెరికాలోని మినెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు అటువంటి క్రీడను నడుపుతూ, సేనానులకే గాక ఒక కల్పిత పట్టణపు పౌరులకు కూడా ఆటగాళ్లను నియమించాడు. వారు యుద్ధం మాట మరచి, తమలో తాము మంతనాలు సాగించారు. ఆట చేయి దాటిపోయింది, విఫలమైందని వెస్లీ భావించాడు. ఆడినవారు మాత్రం మళ్లీ ఎప్పుడని అడిగారు. (మా పడవవాడు ఇక్కడ గుర్తుకు రాక తప్పదు.) ఆ గుంపులోని ఆర్నెసనే తరువాత గైగాక్స్‌తో కలిసి ఈ ఆటకు రూపమిచ్చాడు.

మన కళాశాల వారికి ఇందులో మరొక సంబంధం ఉన్నది. అదే మినెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధించిన ఎం. ఎ. ఆర్. బార్కర్ తాను చిరకాలంగా అల్లుకున్న ఒక కల్పిత ప్రపంచాన్ని, దాని భాషలతో, లిపులతో సహా 1975లో 'ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్' అనే ఆటగా వెలువరించారు. ఉర్దూ నేర్చుకునే విదేశీయుల కోసం ఆయన కూర్చిన పాఠ్యగ్రంథం ప్రసిద్ధం. ఆయన స్వయంగా దశాబ్దాల పాటు మిత్రులకు ఆ ఆట నడిపారు. ఈ సంగతి తెలిసినప్పుడు మా ఉర్దూ శాఖ మిత్రులతో ఎంత గర్వంగా చెప్పుకున్నామో! ఆయన 2012లో మరణించారు. 1991లో మారుపేరుతో వెలువడిన ఒక నాజీ పక్షపాత నవల ఆయన వ్రాసినదేనని 2022లో ఆయన సృష్టిని సంరక్షించే సంస్థయే అంగీకరించింది. మా గర్వం అక్కడితో ఆగింది.

ఇది దాచి వ్యాసం వ్రాయడం మాకు ఇష్టం లేకపోయింది. నవలలో రచయిత ఏకచ్ఛత్రాధిపతి. పడవవాని పేరు అడిగేవాడు అక్కడ లేడు. బల్ల వద్ద అడిగేవాడున్నాడు. కాని అన్ని దశాబ్దాలు అడిగించుకున్న మనిషి అటువంటి నవల ఎట్లా వ్రాశాడని ఎవరైనా ప్రశ్నిస్తే మా వద్ద సమాధానం లేదు. ఆ కుర్చీ మనిషిని మంచివానిగా మారుస్తుందని కనుక మేము వాదించము. అది వినడం నేర్పుతుంది. విన్నదానితో ఏమి చేసేదీ మనిషిని బట్టి ఉంటుంది. పెత్తనమన్న పెద్దమనిషి భయంలో ఆ మేరకు సత్యం లేకపోలేదు.

అయితే మా భౌతికశాస్త్ర విద్యార్థి సంగతి మేము కండ్లారా చూశాము. ఆ అయిదుగురిలో ఒకడు కొత్తగా చేరినవాడు, బిడియస్తుడు, రెండు వారాలు నోరు విప్పలేదు. మూడవ వారం నిర్వాహకుడు కథలోకి ఒక మూగ పిల్లవానిని తెచ్చాడు. ఆ పిల్లవాడు అందరినీ వదలి ఈ కొత్తవాని పాత్ర చేయి పట్టుకున్నాడు. ఇక అతడు మాట్లాడక తప్పలేదు, మాట్లాడాడు. ముషాయిరాలో సమర్థుడైన నాజిమ్ ఏ కవిని ఏ క్షణంలో పిలవాలో ఎరిగి పిలిచినట్లే ఉన్నది. బోధనాభ్యసన శిక్షణలో మాకెవ్వరూ ఈ విద్య నేర్పలేదు. మా తరగతిలో ఆ కొత్త విద్యార్థి ఇప్పటికీ మూడవ వరుసలో మౌనంగానే కూర్చుంటున్నాడు. ఆ దోషం మాది.

కమిటీ వారికి మా మనవి ఇది. ఆదివారం సాయంత్రం ఆరు నుండి తొమ్మిది వరకు గ్రంథాలయం పక్క గదిని ఈ విద్యార్థులకు ఇప్పించండి. నెలకొకసారి నిర్వాహకుని కుర్చీలో మరొకరు కూర్చోవాలన్న షరతు పెట్టండి. ఈ మాటకు ఆ విద్యార్థి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గాని ఒప్పుకున్నాడు. బీరువాలోని పాచికలు మొత్తం ఏడు. చీటీలు నలిగిపోయినవి, అందులో పదిహేడవ అంకె చీటీ ఎక్కడో పడిపోయింది.