గొళ్లెం మరచిన తాళం

పూర్వం కలిగిన కుటుంబాలలో ఒక భోషాణం ఉండేది. పొలం దస్తావేజులు, బంగారు నగలు, దూరదేశాల నుండి వచ్చిన ఉత్తరాలు, పిల్లల జాతకాలు అన్నీ అందులోనే భద్రపరచేవారు. దాని తాళంచెవి ఇల్లాలి కొంగుముడిలో ఉండేది. దొంగ ఆ పెట్టెను చేరాలంటే ముందుగా ప్రహరీ దూకాలి, తలుపు గడియ తీయాలి, ఇంటిల్లిపాది కన్ను గప్పాలి. నేటి మానవుని భోషాణం అతని చొక్కా జేబులో ఒదిగిపోయింది. బ్యాంకు ఖాతా, ఆధార్ ప్రతి, వైద్య పరీక్షల ఫలితాలు, కుటుంబ ఛాయాచిత్రాలు, ఆత్మీయులతో పంచుకున్న మాటలు అన్నీ అరచేతి వెడల్పు లేని స్మార్ట్‌ఫోన్‌లోనే ఉన్నాయి. 2016లో యూపీఐ ప్రారంభమైన తరువాత కూరగాయల బండి వద్ద చెల్లించే పది రూపాయలు సైతం దాని గుండానే నడుస్తున్నాయి. అయితే పాత భోషాణానికి, ఈ కొత్త భోషాణానికి ఒక పెద్ద భేదం ఉంది. దీనికి ప్రహరీ లేదు. వేల మైళ్ల దూరాన కూర్చున్నవాడు కూడా దీనికి కన్నం వేయగలడు.

అందువల్లనే ఫోన్ల తయారీదారులు నేడు కెమెరాతో పాటు భద్రతను కూడా అంగడి సరుకుగా చేసి ప్రకటిస్తున్నారు. వినియోగదారుడు సందిగ్ధంలో పడుతున్నాడు. చేతిలోని ఫోన్ చక్కగా పనిచేస్తున్నది. దాన్ని వదలి, భద్రత ఎక్కువన్న కొత్త ఫోన్‌ను కొనాలా, వద్దా? కొత్తది వచ్చిన ప్రతిసారీ మారవలసిందేనని కొందరు వాదిస్తారు. అద్దం పగలకుండా, గంట మోగుతున్నంత కాలం పాత ఫోన్ చాలునని మరికొందరు సరిపెట్టుకుంటారు. ఈ రెండు వాదాలూ సత్యంలో సగమే. ఫోన్ వయస్సును దాని మెరుపును బట్టి గాని, కొన్న తేదీని బట్టి గాని లెక్కించరాదు. దానికి కాపలా ఎంతకాలం ఉంటుందో దాన్ని బట్టి లెక్కించాలి.

ఆ కాపలా ఏమిటో తెలుసుకోవడం అవసరం. ఫోన్‌ను నడిపించే ప్రోగ్రాములను కోట్ల పంక్తులలో మనుషులే రాస్తారు. మనుషులు రాసినదానిలో దోషాలు తప్పవు. 2015లో ఆండ్రాయిడ్ ఫోన్లలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. కల్పించిన ఒక వీడియో సందేశాన్ని పంపి, యజమాని దాన్ని తెరవకపోయినా ఫోన్‌లోకి చొరబడే అవకాశం దానివల్ల ఏర్పడింది. ఆ సంఘటన తరువాతనే, అదే సంవత్సరం ఆగస్టు నుండి, గూగుల్ ప్రతి నెలా లోపాలను సరిదిద్దే ఏర్పాటు చేసింది. వాడుకలో దీనినే సెక్యూరిటీ అప్‌డేట్ అంటారు. ఈ అప్‌డేట్ వస్తున్నంత కాలం ఫోన్‌కు కావలివాడు ఉన్నట్లే. అది ఆగిపోయిన మరునాడు కూడా ఫోన్ యథాప్రకారం మోగుతుంది, బొమ్మలు తీస్తుంది, డబ్బు పంపుతుంది. యజమానికి ఏ మార్పూ కనిపించదు. అపాయమంతా అక్కడే ఉంది. కొత్త ఫోన్లకు వేసిన అతుకును పరిశీలించి, పాత ఫోన్లలో చిల్లు ఎక్కడుందో దొంగలు గ్రహిస్తారు. లోపం లోకానికి తెలిసిపోతుంది. దిద్దుబాటు మాత్రం పాత ఫోన్‌కు అందదు.

ఈ కాపలాకు తయారీదారులే గడువు నిర్ణయిస్తారు. 2021 అక్టోబరులో గూగుల్ విడుదల చేసిన పిక్సెల్ 6 ఫోన్‌కు అయిదేళ్ల భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. అంటే దాని గడువు 2026 అక్టోబరు. 2023 అక్టోబరులో వచ్చిన పిక్సెల్ 8కు ఆ హామీని ఏడేళ్లకు పెంచింది. శాంసంగ్ కూడా 2024 జనవరిలో విడుదల చేసిన గెలాక్సీ ఎస్ 24కు ఏడేళ్ల మాట ఇచ్చింది. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. ఈ గడువు ఆ రకం ఫోన్ అంగడికి వచ్చిన నాటి నుండి మొదలవుతుంది; వినియోగదారుడు కొన్న నాటి నుండి కాదు. ఒక చిరుద్యోగి 2024లో ధర తగ్గిందని మురిసి పిక్సెల్ 6ను కొన్నాడనుకుంటే, అతనికి దక్కిన భద్రత రెండేళ్లు మాత్రమే. ధరతో పాటు ఆయుష్షు కూడా తరిగిందన్న సంగతి దుకాణదారుడు చెప్పడు, ప్రకటనలో కనిపించదు.

కొత్త ఫోన్‌లో గడువు తప్ప మరే మేలూ లేదనడం కూడా న్యాయం కాదు. ఫోన్‌లోని జ్ఞాపకశక్తిని ఒక పెద్ద సత్రంగా ఊహిస్తే, ప్రతి అనువర్తనానికీ అందులో కొన్ని గదులు కేటాయిస్తారు. ప్రోగ్రాములోని దోషం వల్ల ఒక అనువర్తనం తనది కాని గదిలోకి అడుగుపెట్టడమే అనేక దాడులకు మూలం. క్రోమ్ బ్రౌజరులోని తీవ్రమైన భద్రతా లోపాలలో దాదాపు 70 శాతం ఈ జాతికి చెందినవేనని గూగుల్ 2020లో వెల్లడించింది. దీనికి విరుగుడుగా మెమరీ ట్యాగింగ్ అనే పద్ధతి వచ్చింది. ప్రతి గదికి, దాని తాళంచెవికి ఒకే గుర్తు వేస్తారు. గుర్తులు కలవకపోతే తలుపు తెరుచుకోదు. దోషి అక్కడే పట్టుబడతాడు. ఇందుకు తగిన సదుపాయం పిక్సెల్ 8 చిప్‌లో ఉంది. ఆపిల్ ఇటువంటి రక్షణనే 2025 సెప్టెంబరులో ఐఫోన్ 17తో ప్రవేశపెట్టింది. ఇది చిప్‌లోనే ఉండవలసిన ఏర్పాటు గనుక పాత ఫోన్‌కు అప్‌డేట్ రూపంలో తగిలించడం సాధ్యం కాదు.

అయితే ఈ మేలు అందరికీ ఒకే స్థాయిలో అవసరమా అన్నది ప్రశ్న. 2019లో వాట్సాప్ కాల్ వ్యవస్థలోని ఒక లోపం ద్వారా వివిధ దేశాలలో సుమారు 1400 మంది ఫోన్లలోకి పెగాసస్ అనే నిఘా సాధనాన్ని పంపడానికి ప్రయత్నం జరిగింది. కాల్‌కు జవాబివ్వకపోయినా ప్రమాదం తప్పేది కాదు. లక్ష్యంగా ఎంచుకున్నవారిలో పాత్రికేయులు, న్యాయవాదులు, హక్కుల కార్యకర్తలు ఉన్నారు. అటువంటివారి ఫోన్‌లో ఉండేది వారి రహస్యం ఒక్కటే కాదు. వారిని నమ్మి నోరు విప్పిన బాధితుల ప్రాణమానాలు కూడా అందులోనే ఉంటాయి. వారికి కొత్త చిప్ ఇచ్చే రక్షణ విలాసం కాదు, వృత్తిధర్మం. ఐఫోన్‌లో 2022లో వచ్చిన లాక్‌డౌన్ మోడ్, పిక్సెల్ ఫోన్లపై నడిచే గ్రాఫీన్ ఓఎస్ వంటివి ఇటువంటివారికి అండగా నిలుస్తాయి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. హక్కును ప్రకటించడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకొనే సాధనం చేతిలో ఉండడం మరొక ఎత్తు.

సామాన్యుని స్థితి వేరు. అతని ఫోన్‌కు ఇంకా ఏడాదో, రెండేళ్లో అప్‌డేట్లు రానున్నప్పుడు పొదుపు చేసిన సొమ్మును కొత్త ఫోన్‌పై వెచ్చించనవసరం లేదు. పైగా భద్రతే పరమావధిగా రూపొందిన వ్యవస్థలలో కొన్ని ఇబ్బందులు కూడా ఉన్నాయి. తయారీదారు ధ్రువీకరించని వ్యవస్థపై కొన్ని బ్యాంకు అనువర్తనాలు తెరుచుకోవు. జీతం జమ అయ్యే ఖాతానే చూడలేని ఫోన్ ఎంత దుర్భేద్యమైనా గృహస్థునికి ఏమి ప్రయోజనం? గడువు ముగిసినప్పుడు మాత్రం జాప్యం కూడదు. అప్పుడు కూడా అత్యంత ఖరీదైన ఫోనే కొనాలన్న నియమం లేదు. 2024 మే నెలలో పిక్సెల్ 8 కంటె తక్కువ ధరకు వచ్చిన పిక్సెల్ 8ఏకు కూడా ఏడేళ్ల హామీ ఉంది. మెరుగులు తగ్గినా కావలి తగ్గని వస్తువును ఎంచుకోవడమే వివేకం.

భద్రత అన్న పేరును చూసి మోసపోకపోవడం కూడా వివేకమే. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెతకు ఆనమ్ అనే ఫోన్ కథ చక్కని ఉదాహరణ. సంభాషణలు ఎవరికీ చిక్కవన్న నమ్మకంతో 12 వేలకు పైగా ఆనమ్ ఫోన్లు నూరు దేశాలకు మించి నేరస్థుల ముఠాల చేతుల్లోకి వెళ్లాయి. ఆ వ్యవస్థను తెరవెనుక నడిపినది అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అని 2021 జూన్‌లో వెల్లడైంది. 800 మందికి పైగా అరెస్టయ్యారు. నేరస్థులు పట్టుబడడం మంచిదే. ఆ కథలోని పాఠం మాత్రం నిజాయితీపరులకు కూడా వర్తిస్తుంది. పెట్టెపై భద్రత అని ముద్రించినంత మాత్రాన లోపల భద్రత ఉండదు. లోపాలను ఎవరు సరిదిద్దుతారు, ఎంతకాలం సరిదిద్దుతారు, ఆ పనిని బయటి నిపుణులు పరీక్షించే వీలుందా అన్నవే అసలైన కొలమానాలు.

ఎంత గొప్ప ఫోన్ అయినా కాపాడలేని చోటు ఒకటి ఉంది. అది యజమాని మనస్సు. పోలీసు అధికారినని వీడియో కాల్‌లో బెదిరించి, డిజిటల్ అరెస్టు అంటూ వృద్ధుల జీవితకాలపు పొదుపును కాజేసే ముఠాలు ఏ చిప్‌నూ ఛేదించవు. భయాన్ని ఆయుధంగా వాడుకుంటాయి. పెళ్లి శుభలేఖ అని పంపిన ఏపీకే ఫైలును యజమానే స్వయంగా తెరచి అనుమతులన్నీ ఇస్తే, తలుపు తీసి దొంగను పీట వేసి కూర్చోబెట్టినట్లే. తాళము వేసితిని, గొళ్లెము మరచితిని అన్న సామెత ఇటువంటి సందర్భానికే పుట్టిందేమో అనిపిస్తుంది. కొత్త ఫోన్ తాళమైతే, యజమాని జాగరూకత గొళ్లెం. మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు తెలియజేయాలన్న ఎరుక కూడా ఆ జాగరూకతలో భాగమే.

అవసరం లేకుండా ఫోన్ మార్చడం వల్ల కలిగే నష్టం జేబుకే పరిమితం కాదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయని, వాటిలో నాలుగో వంతైనా సక్రమంగా పునర్వినియోగానికి చేరలేదని ఐక్యరాజ్యసమితి నివేదిక తెలిపింది. కావలి ఉన్న ఫోన్‌ను పారవేయడం భూమికి భారం. కావలి లేని ఫోన్‌ను పట్టుకొని వేలాడడం యజమానికి ప్రమాదం. ఈ రెంటి నడుమ నలిగిపోయేవాడు పేదవాడు. సంపన్నుడు గడువు ముగియకముందే ఫోన్ మారుస్తాడు. ఆటో నడిపే వ్యక్తి, కూలికి వెళ్లే మహిళ గడువు తీరిన ఫోన్‌తోనే బ్యాంకు లావాదేవీలు జరుపుతారు. పోతే కోలుకోలేని సొమ్ము ఎవరిదో, వారి పెట్టెకే తాళం లేకపోవడం అన్యాయం.

కనుక ఈ బాధ్యతను కొనుగోలుదారుని నెత్తిన మాత్రమే మోపడం తగదు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ఒక రకం ఫోన్‌ను మార్కెట్లోకి పంపడం ఆపిన తరువాత కూడా కనీసం అయిదేళ్లపాటు దానికి అప్‌డేట్లు అందుబాటులో ఉండాలి. భారతదేశంలోనూ కొనుగోలుదారునికి ఇటువంటి రక్షణ కలగాలి. మందుబిళ్లల అట్టపై గడువు తేదీ ముద్రించినట్లే, ప్రతి ఫోన్ పెట్టెపైనా భద్రతా అప్‌డేట్లు ఆగిపోయే తేదీని తెలుగు వంటి దేశభాషలలో స్పష్టంగా ముద్రించాలి. కాలం చెల్లిన మందును చెప్పకుండా అమ్మడం నేరమైనప్పుడు, కాలం చెల్లబోతున్న ఫోన్‌ను చెప్పకుండా అమ్మడం వ్యాపార నైపుణ్యం ఎలా అవుతుంది?

కొత్త ఫోన్ కొనాలని తలచినవారు ముందుగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. చేతిలోని ఫోన్‌కు కాపలా ఏ నెల వరకు ఉంది? అందులో దాచినది పోతే నష్టపోయేది ఎవరు? కొనబోయే ఫోన్‌కు కాపలా ఇంకా ఎన్నేళ్లు మిగిలి ఉంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే కొనడమో, మానడమో దానంతటదే తేలిపోతుంది. భోషాణం ఎంత మెరుస్తున్నదని పూర్వులు ఎన్నడూ చూడలేదు. రాత్రి పడుకునే ముందు తాళం వేశారో లేదో, గొళ్లెం పెట్టారో లేదో ఒక్కసారి చేతితో తడిమి చూసుకునేవారు. ఆ అలవాటు ఈ కాలానికీ అవసరమే.