పోయిన పటం: పిల్లల నవలకో ప్లాటు!
'ట్రెజర్ ఐలండ్' (1950)లో ఒంటికాలి సిల్వర్‌గా రాబర్ట్ న్యూటన్ ఎలా దడిపించాడనీ! ఆ కథ పుట్టిన కథ ఇంకా మజాగా వుంటుంది.

1881. స్కాట్లాండులో బ్రేమార్. ఒకటే వాన. పదమూడేళ్ళ సవతి కొడుకు లాయిడ్‌తో బొమ్మలేస్తూ రచయిత స్టీవెన్సన్ ఓ దీవి పటం గీశాడు. దాన్ని చూస్తూ నవల మొదలెట్టాడు. అందులో ఆడవాళ్ళు వద్దని ఆర్డరేసింది లాయిడే. మన నిర్మాతలు వింటే మూర్ఛపోరూ!

తీరా పుస్తకం వేసే వేళకి పటం గల్లంతు! స్టీవెన్సన్ తన నవలే తిరగేసి, వివరాలు ఏరుకుని, మళ్ళీ తయారుచేశాడు. కెప్టెన్ ఫ్లింట్ సంతకాన్ని వాళ్ళ నాన్నగారు ఫోర్జరీ చేశారు! 1883లో అచ్చయింది ఆ రెండోదే. ఆయన మనసుకి మాత్రం అది ఎక్కలేదు.

పోయిన పటాన్ని వెతుక్కుంటూ లాయిడ్ బయల్దేరినట్టు ఎవరైనా పిల్లల నవల రాయకూడదూ? సినిమా తీస్తే మార్నింగ్ షోకి నేను రెడీ.