గదికొక టెలివిజను, ఇంటికొక టెలివిజను



మన తోటల లైనులనుండి గల్ఫు దేశములకు పనికి పోయినవారు కొందరు కలరు. వారు సెలవునకు బయలుదేరు దినములు సమీపించగానే ఇంటినుండి పోవు మొదటి కోరిక తరచుగా ఒక్కటే: “వచ్చునప్పుడు పెద్ద టెలివిజను తెమ్ము.” మస్కటు నగరములో రువికిని మత్రాకును చేరువగా దార్సైట్ అను పేట యున్నది. అచ్చట భారతీయ పాఠశాలయు శ్రీకృష్ణాలయమును ఉండుటచేత మనదేశపువారు అక్కడ విశేషముగా కూడుదురు. సెలవు దినమున మనవాడు ఆ పేటలోని అంగడికి పోయి, తన జీతమున కందుబాటులోనున్న రెండు టెలివిజనుల నడుమ నిలుచుండును. ఒకటి 32 అంగుళములది. రెండవది 43 అంగుళములది, నాలుగు ‘కె’ అని పేరు వ్రాసినది. రెంటికిని భేదము కొన్ని పదుల రియాలులే. కాని రియాలొకటి మన రూపాయలలో రెండువందలకు మించినదని మరువరాదు. ఏది కొనవలెను?

ఏది మంచిదని అడుగుటకంటె, ఎవరు చూచుటకు, ఎంత దూరమునుండి చూచుటకు అని ముందుగా అడుగవలెనని నా యభిప్రాయము. తాను దార్సైట్ గదిలో చూచుటకైనచో చిన్నదియే చాలును. ఇంటివారికైనచో పెద్దది యుక్తమే, కాని దానిని అక్కడ కొనరాదు.

మొదట గది సంగతి. అందులో నలుగురో ఆరుగురో పండుకొందురు. ఒకడు తెల్లవారుజామున పనికి పోవును, మరియొకడు రాత్రి పని ముగించివచ్చి పగలు నిద్రించును. ఒమానులో గడియారము మనదానికంటె గంటన్నర వెనుక నడచును గనుక, ఇచ్చట రాత్రి 9 గంటలకు వచ్చు తెలుగు కార్యక్రమము అచ్చట 7-30కే వచ్చును. అలసినవాడు కన్ను మూయబోవు వేళ అదియే. అట్టి గదిలో బొమ్మ ఎంత పెద్దదన్నది లెక్కలోనిది కాదు. చెవిలో పెట్టుకొను గొట్టమునకు రంధ్ర మున్నదా లేదా అన్నదియే ముఖ్యము. ఈ రంధ్రము కొన్నింటిలో నుండదు. అడిగి, వెనుకకు త్రిప్పి చూచి కొనుడు. తోడివాని నిద్ర చెడినచో గదిలో పుట్టు కలహమును ఏ టెలివిజనును తీర్చజాలదు.

ఇక చుక్కల లెక్క. టెలివిజను బొమ్మ సన్నని చుక్కల కూర్పు. 32 అంగుళముల సాధారణపు దానిలో అడ్డముగా 1366, నిలువుగా 768, మొత్తము సుమారు 10 లక్షల చుక్కలుండును. నాలుగు ‘కె’ దానిలో 3840కి 2160, అనగా సుమారు 83 లక్షలు. “ఎనిమిది రెట్లు మేలు” అని అమ్మువాడు చెప్పుట ఇందువలననే. అతడు అబద్ధమాడుట లేదు, కాని మన కంటి సంగతి చెప్పుట లేదు. మంచి చూపుగలవానికి ఆ చిన్నదాని చుక్కలు ఆరడుగుల దూరమున విడివిడిగా కనబడుట మానును. ఆ పెద్దదాని చుక్కలు మూడడుగులలోపలనే మానును. మంచముమీద ఆరడుగుల దూరమున కూర్చున్నవానికి మిగిలిన లక్షల చుక్కలు ఉండియు లేనట్లే.

ఇంటి సంగతి వేరు. మసక చూపుగల అవ్వ, పాఠము చూచు పిల్లలు, పదియడుగుల దూరమున చాపమీద కూర్చుండు ఇరుగుపొరుగు అచ్చట ఉందురు. వారికి అక్షరము పెద్దదిగా కనబడవలెను, మాట స్పష్టముగా వినబడవలెను. అందుచేత 43 అంగుళములు ఆడంబరము కాదు. అయినను నాలుగు ‘కె’కు సొమ్ము పోయుట అనవసరము. 2004 డిసెంబరులో ప్రారంభమైన దూరదర్శను ఉచిత డిష్షుచేత నెలకట్టుబడి లేకుండ బొమ్మ చూచు కుటుంబములు మనలో అనేకములు. పాతరీతి ప్రసారములో 720కి 576, అనగా నాలుగు లక్షల చిల్లర చుక్కలే వచ్చును. రాని చుక్కలను ఏ యంత్రమును నిజముగా పుట్టింపలేదు. 1920కి 1080 చుక్కలు గల 43 అంగుళములది దొరికినచో అదియే చాలును.

మరి ఒమానులో ఏల కొనరాదు? అచ్చట వస్తువుపై పన్ను నూటికి 5 మాత్రమే గనుక ధర చౌకగా కనబడును. కాని 2013 ఆగస్టు 26 నుండి మన ప్రభుత్వము పలుచని టెలివిజనులను ప్రయాణికుల సుంకము లేని సామానులలోనుండి తీసివేసెను. ఆ సంవత్సరము రూపాయి విలువ మిక్కిలి పడిపోయిన కాలమది. నాటి సుంకము నూటికి 35కు పైబడినది. 2016 నియమములలోను ఈ కట్టడి నిలిచెను. నియమములు మారుచుండును గనుక తెచ్చి తీరవలెనను పట్టుదల గలవారు బయలుదేరకముందే విచారింపవలెను. ఇటు మనదేశములో 32 అంగుళములకు మించినవానిపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి నూటికి 28 నుండి 18కి దిగినది. అక్కడి చౌక ఇక్కడ విమానాశ్రయములో కరగిపోవును.

విద్యుత్తు విషయమున చిక్కు లేదు. అచ్చట 240 వోల్టులు, ఇచ్చట 230. మూడు చదరపు ముండ్ల ప్లగ్గును మార్చిన చాలును. చిక్కంతయు పగులుటలోను మరమ్మతులోను ఉన్నది. విమానములో ఆ అద్దము విరిగినచో క్రొత్తది వేయించుట క్రొత్త టెలివిజను కొనుటకు దాదాపు సమానము. ఒమానులో ఇచ్చిన పూచీకాగితమును మన పట్టణపు మరమ్మతు శాలవారు ఒప్పుకొందురను నమ్మకము లేదు. అందుచేత ఇంటివారికి సొమ్ము పంపుటయే మేలు. వారు దగ్గరి పట్టణములో కొందురు. చెడినచో కొన్న యంగడి యుండును.

“గల్ఫునుండి తెచ్చినది” అను పేరు పోవునని కొందరు బాధపడుదురు. ఆ బాధ నేనెరుగుదును, పరిహసింపను. అయినను 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరము ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు బొమ్మలు ప్రసారము చేసినప్పుడు, ఆంధ్రప్రదేశపు గ్రామములును అందులో నుండెను. ఊరికంతటికిని ఒక్కటే పెట్టె. జనులందరును దానిముందే కూర్చుండిరి. అది ఎచ్చట కొన్నదని ఎవరడిగిరి?

అంగడికి పోవునప్పుడు కొలత టేపు వెంట తీసికొనిపొండు. అక్కడ ఆడుచుండు మెరుపు బొమ్మలను చూచి మోసపోక, మీరు రోజు చూచు తెలుగు వార్తలనే పెట్టుమని అడుగుడు. మీ గదిలో మంచమునకును గోడకును ఎంత దూరమో అంత దూరము వెనుకకు నడచి, అచ్చట నిలిచి చూడుడు.